ఇంటి మరమ్మతును ఋణధర్మమును

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, నేతపరిశ్రమను గూర్చియు మాకంటె నెక్కువ తెలిసినవారు ఈ వేదికమీద ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము చిన్నది. ఇంటి మరమ్మతునకై అప్పు తెచ్చుకొనుట. ఇది మహాసభలో ప్రసంగింపదగిన విషయమా యని కొందఱు మిత్రులు నవ్విరి. కాని ఈ పందిటిక్రింద కూర్చున్నవారిలో ఇంటిపని కొఱకు ఎన్నడును అప్పుచేయనివారిని చేతులెత్తుడని కోరినచో, లేచు చేతులు మిక్కిలి తక్కువగా నుండునని మా నమ్మకము.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని నిలుపుకొనుటను గూర్చి వారు సామెత చెప్పలేదు. వారి దినములలో దానికి అప్పుతో పనిలేకుండుటయే కారణమని మాకు తోచుచున్నది. మన సీమయందలి మట్టిమిద్దె యెట్టిదో మీరెఱుగుదురు. రాతిగోడలమీద దూలములు, దూలములమీద దంతెలు, వానిపై కట్టెలు పఱచి, మట్టి మెత్తి, మీద చౌడుమన్ను పోసి తొక్కెడివారు. వానచినుకు పడగానే ఆ చౌడు మెత్తబడి పగుళ్లను తానే మూసికొనును. రెండు మూడేండ్లకొకసారి బండెడు క్రొత్త చౌడు తోలి, ఇంటిల్లిపాది మిద్దె నెక్కి తొక్కినచో, మరమ్మతు ముగిసినట్లే. కావలసినది ఒక బండియు, ఇంటివారి కాళ్లును. నేడు దూలములకు చెదలు పట్టినవి. చౌడు తోలు బండ్లు లేవు. మిద్దె నెక్కి తొక్కు పిల్లలు బెంగుళూరునకు పోయినారు. తాడిపత్రి బండలు పఱపించవలెనన్నను, సిమెంటు కప్పు వేయించవలెనన్నను రొక్కము కావలెను. రొక్కము లేనివానికి అప్పు కావలెను. మరమ్మతు ఇంటివారి చేతులలోనుండి ఋణదాత చేతులలోనికి పోయిన విధమిది.

మన కులమువారి సంగతి ఇంకను సున్నితమైనది. మన యిల్లు నివాసము మాత్రమే కాదు, కార్ఖానాయును అదియే. ధర్మవరమునందు గాని, చుట్టుపట్ల పల్లెలయందు గాని, నడిమింట మగ్గము గుంట యుండును. గుంట ప్రక్కనే పిల్లల పడక. మిద్దె కారినచో ఇతరులకు నిద్ర చెడును, మనకు పడుగు చెడును. గుంటలో చెమ్మ యూరినచో దినముల తరబడి కూలి పోవును. కావున మరమ్మతు మనకు విలాసము కాదు, వృత్తిరక్షణము.

మనది కఱవుసీమ గదా, కప్పునకు ఇంత భయమేల యని పైప్రాంతమువా రడుగుదురు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము మనవఱకు వచ్చునప్పటికి వట్టిగాలియగును. తూర్పుసముద్రము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమున మనకు మిగులునదియు స్వల్పమే. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకు నేల యిది. 1876–78 నాటి ధాతకఱవును మన ముత్తాతలును, 1952 నాటి గంజికేంద్రములను మన తండ్రులును చూచిరి. అయినను కఱవు కాల్చునది కడుపును. ఇంటిని కూల్చునది వాన. ఏండ్ల తరబడి యెండి పగిలిన మిద్దెమీద ఒక్కసారిగా వాన దిగినపుడు దాని బలహీనత బయటపడును. 2021 నవంబరు వానలలో కదిరి పట్టణమున కట్టుచున్న కట్టడము ప్రక్కయిండ్లమీద కూలి ప్రాణనష్టమైనది. 2022 అక్టోబరున అనంతపురపు కాలనీలు నీట మునిగినవి. వాన రాని యేండ్లలో ఆదాయము లేక మరమ్మతు వాయిదా వేయుదుము. వాన వచ్చిన యేట ఆ వాయిదాకు వడ్డీతో సహా చెల్లించుదుము.

ఇక అప్పు సంగతి. పరుల ఉదాహరణముకంటె మా యుదాహరణమే చెప్పుట న్యాయము. చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, ఈ సిగ్గు పదిమందికి ఉపకరించునేని సార్థకమే.

2019 మే నెలలో మా యింట శుభకార్యము తలపెట్టితిమి. వియ్యాలవారు వచ్చునప్పటికి ముందుభాగము చూడముచ్చటగా నుండవలెనని, వసారా పెంచి, పాలరాయి పఱపించి, ఇనుపగేటు పెట్టించితిమి. మగ్గముమీది మిద్దె అప్పటికే రెండుచోట్ల కారుచుండెను. “అది లోపలి సంగతి, ఎవరు చూతురు?” అనుకొంటిమి. బ్యాంకునకు పోవుటకు ఇంటిపత్రములు తాతగారి పేర నుండెను. అందుచేత తెలిసిన యొక పెద్దమనిషివద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 3,00,000 రూపాయలకు నోటు వ్రాసి యిచ్చితిమి. వడ్డీ నెలకు 6,000. పది నెలలు తప్పక చెల్లించితిమి. 60,000 రూపాయలు పోయినవి, అసలు తఱుగలేదు. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి మగ్గములు నిలిచిపోయెను. పట్టుచీరలు కొనువారు లేరైరి. మా చెల్లింపులును నిలిచెను. 2021 నవంబరు వానలకు మిద్దె కారి, మగ్గముమీది పట్టుపడుగు తడిసి మరకలుపడి పాడయ్యెను. గుంటలో నీరు నిలిచి ఇరువదిదినములు నేత సాగలేదు. ముందటి పాలరాయి మాత్రము చక్కగా మెఱయుచుండెను!

2022 మే నెలకు నోటునకు మూడేండ్లు నిండెను. మూడేండ్లు దాటిన నోటు కాలదోషము పట్టునని ఋణదాత లెఱుగుదురు. కావున గడువు లోపల తిరుగవ్రాయింతురు. మాచేతను వ్రాయించిరి. చెల్లింపని 26 నెలల వడ్డీ 1,56,000 అసలులో కలిసి క్రొత్తనోటు 4,56,000 అయ్యెను. నాటినుండి వడ్డీకి వడ్డీ. నెలకు 9,120 రూపాయలు. ఇందులో ఋణదాత చేసిన మోసమేమియు లేదు. నోటుమీద నున్నదే ఆయన అడిగెను. దోషము మాది, లెక్క వేయకపోవుట మొదటిది, మిద్దె విడిచి వసారా కట్టుట రెండవది, పత్రములు సరిచేసికొనకుండుట మూడవది. కడకు ఇంటిలోని బంగారమమ్మి ఆ నోటు తీర్చితిమి.

ఈ లెక్క సభవారందఱును ఒక్కసారి మనసున పెట్టుకొన ప్రార్థించుచున్నాము. మన సీమయందు వడ్డీని “రూపాయిన్నర”, “రెండు రూపాయలు” అని నెలకు చెప్పుదురు. బ్యాంకువారు ఏటికి చెప్పుదురు. చెవికి రెండు చిన్నదిగాను, తొమ్మిది పెద్దదిగాను వినబడును. కాని నెలకు రెండు అనగా ఏటికి ఇరువదినాలుగు. లెక్క కొఱకు బ్యాంకువడ్డీ ఏటికి నూటికి 9 అనుకొందము. అదే 3,00,000 రూపాయలను ఐదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 6,228 రూపాయల కిస్తు. నోటు అప్పునకు వడ్డీ మాత్రమే నెలకు 6,000. అనగా ఇంచుమించు అంతే సొమ్ము నెలనెల చెల్లించి, ఒకడు ఐదేండ్లకు ఋణవిముక్తుడగును. ఇంకొకడు ఐదేండ్ల పిదపను మొదటి దినముననున్నట్లే 3,00,000 బాకీపడి యుండును. పదేండ్ల గడువు పెట్టుకొన్నచో కిస్తు సుమారు 3,800. మొత్తము చెల్లించునది సుమారు 4,56,000. మేము మూడేండ్లలో 60,000 చెల్లించిన పిదపను మాకు మిగిలిన బాకీ సరిగా అంతేయని గమనింపుడు.

ఇంకొక వల గలదు. కొన్ని సంస్థలు తొమ్మిది వడ్డీయే యనును, కాని అసలు తఱుగుచున్నను వడ్డీని మొదటి అసలుమీదనే కట్టును. దీనిని “ఫ్లాటు” వడ్డీ యందురు. ఆ ప్రకారము 3,00,000 కు ఐదేండ్ల వడ్డీ 1,35,000, కిస్తు 7,250. తఱుగు అసలుమీద లెక్కించినచో అది ఏటికి నూటికి 15 దాటిన వడ్డీతో సమానము. తొమ్మిది యనుమాట ఒక్కటే, భారము రెండు తెఱగులు.

వడ్డీకి హద్దుండవలెననుట నేటి మాట కాదు. కుదువ పెట్టిన ఋణమునకు నెలకు అసలులో ఎనుబదవభాగము, అనగా నూటికి ఒకటింబావు, న్యాయమైన వడ్డీయని స్మృతులు చెప్పుచున్నవి. ఒక్కసారిగా రాబట్టు వడ్డీ అసలును మించరాదనియు వానియందే గలదు, అదియే ద్వైగుణ్యనియమము. రెండు రూపాయల వడ్డీ నాలుగేండ్ల రెండునెలలకే ఆ హద్దును చేరును. 1938లో మద్రాసు రాజధానియందు రైతుఋణవిమోచన చట్టము పుట్టినది కూడ ఈ బాధవలననే.

మనవారికి సాధారణముగా దొరకు ఇతర ఋణములను గూర్చి క్లుప్తముగా మనవి చేసెదము. పట్టును జరీయును ఇచ్చి కూలికి నేయించుకొను షావుకారులు ఇంటిపనికి ముందుసొమ్ము ఇచ్చుట గలదు. దానికి వడ్డీ లేదనుట నిజమే. కాని ఆ సొమ్ము తీఱువఱకు వేఱుచోట కూలి ఎక్కువ దొరకినను నేతగాడు కదలరాదు. వడ్డీ కూలిలో తఱుగై కనబడక యుండును. ఈ సభాపోషకులలో షావుకారులు పలువురు గలరు. అర్ధరాత్రి తలుపు తట్టినపుడు తెఱచినవారు వారేయని మేము మఱువలేదు. నింద మా యుద్దేశము కాదు. ముందుసొమ్ము ఎంతయో, నెలకు ఎంత తగ్గునో ఒక చీటిమీద వ్రాసి యిచ్చుట మాత్రము వారి గౌరవమునకును, నేతగాని నెమ్మదికిని మంచిదని విన్నవించుచున్నాము.

బంగారు తాకట్టు ఆఱునెలలలో తీఱు చిన్నపనికి మంచిదే. ఏటేట వడ్డీమాత్రము కట్టి తిరుగ పెట్టువారికి ఆ నగ ఇంటికి రాదు. రిజిష్టరు కాని చీటీలలో పాట తగ్గింపే వడ్డీయని తెలిసికొనక పాడువారు గలరు. స్త్రీల పొదుపుసంఘములకు 1992 నుండి బ్యాంకులు ఋణములిచ్చు పద్ధతి యేర్పడినది. మిద్దెకు బండలు పఱపించుట వంటి పనికి ఇదియే మనకు దగ్గఱి ద్వారము. వారము వారము వసూలుచేయు సూక్ష్మఋణ సంస్థల యొత్తిడి పెరుగుటచే 2010 అక్టోబరున మన రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన సంగతి మఱువరాదు. ఒక సంస్థ అప్పు తీర్చుటకు ఇంకొక సంస్థవద్ద అప్పుచేయుట ఆరంభించిన దినముననే ఆగవలెను.

ఇక బ్యాంకు. పేర్లు మాఱినవని మనవారు కలతపడుచున్నారు. ఒకనాటి శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసెను. అది 2025 మే 1 నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసెను. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసెను. పేరు మాఱిన మాత్రమున పాతఖాతా పోదు, పాతబాకీయును పోదు.

ఋణగ్రహీతకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన రక్షణలు కొన్ని గలవు. అడుగనివానికి అవి యుండియు లేనట్లే. మాఱు వడ్డీపై వ్యక్తి తీసికొన్న గృహఋణమును గడువుకు ముందే తీర్చినందుకు అపరాధరుసుము వసూలు చేయరాదని 2012లో ఆజ్ఞయైనది. 2024 అక్టోబరు 1 నుండి వడ్డీయు, ఇతర రుసుములును కలిపి ఏటికి నిజముగా పడు భారమెంతయో తెలుపు ముఖ్యాంశముల పత్రమును ఋణగ్రహీతకు తెలిసిన భాషలో నీయవలెను. కావున “తెలుగులో నిండు” అని యడుగుట మీ హక్కు. అది భిక్ష కాదు. బాకీ పూర్తిగా తీఱిన 30 దినములలో ఇంటిపత్రములు తిరిగి యీయవలెననియు, తమ తప్పుచే ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు పరిహారమనియు 2023లో నియమము చేసిరి. అది 2023 డిసెంబరు 1 నుండి అమలులో నున్నది.

ఇంకొకవైపు చూడకుండుటయు మంచిది కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము, మూడునెలలకు పైగా కిస్తులు నిలిచి ఖాతా చెడినపుడు, 60 దినముల నోటీసు ఇచ్చి, కోర్టునకు పోకయే, కుదువపెట్టిన యింటిని స్వాధీనము చేసికొను అధికారము బ్యాంకునకు గలదు. నోటువానికి ఆ బలము లేదు, బ్యాంకునకు గలదు. తక్కువవడ్డీతో పాటు ఈ భయమును మనము ఇంటికి తెచ్చుకొనుచున్నాము. 2020లో కిస్తులు ఆగస్టు 31 వఱకు వాయిదా వేయుటకు అనుమతి దొరకినది. అయితే వాయిదా పడినది చెల్లింపే కాని వడ్డీ కాదు.

కాబట్టి మా ముఖ్యమైన మాట యిది. కఱవుసీమలో కిస్తును మంచియేటి ఆదాయముమీద కట్టుకొనరాదు. చెడ్డయేటి ఆదాయముమీద కట్టుకొనవలెను. కిస్తు అనుమాట మనకు భూమిశిస్తునుండి వచ్చినది. దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు కలెక్టరుగానుండి, 1827లో పత్తికొండయొద్ద మరణించి గుత్తిలో పూడ్చబడిన మన్రో దొర, తాను పోవుచు 1807లో ఈ సీమ శిస్తును నూటికి 25 తగ్గింపవలెనని సిఫారసు చేసెను. భారము తేలికగా నున్నగాని చెడ్డకాలము వచ్చినపుడు రైతు నిలువలేడని పన్ను రాబట్టు దొరయే గ్రహించెను. మన కిస్తును మనమే నిర్ణయించుకొనునపుడు ఆ మాత్రము దయ మనపై మనకు లేకున్న నెట్లు?

ఆచరణవిధ మిట్లు. గడచిన మూడేండ్లలో ప్రతినెల ఇంటికి వచ్చిన సొమ్ము కాగితముమీద వ్రాయుడు. అందులో మిక్కిలి తక్కువ వచ్చిన యేటిని తీసికొనుడు. తిండి, పిల్లల చదువు, మందుల ఖర్చు తీసివేయుడు. మిగిలినదానిలో సగమునకు మించిన కిస్తు ఒప్పుకొనకుడు. ప్రభుత్వసాయమును ఇందులో చేర్చకుడు. మగ్గమున్న కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయల నిచ్చు పథకము 2019 డిసెంబరు 21న మన ధర్మవరముననే ప్రారంభమై కొన్నియేండ్లు సాగెను. వచ్చినపుడు సంతోషముగా పుచ్చుకొందము. కాని ప్రభుత్వములతో పాటు పథకములు మాఱును, కిస్తు మాఱదు. గడువు పొడుగుగా పెట్టుకొని కిస్తు చిన్నదిగా నుంచుడు. పెండ్లిండ్ల కాలమున చీరలు బాగుగా అమ్ముడైన నెలలలో, అపరాధరుసుము లేదు గనుక, అసలులో కొంత అదనముగా కట్టుడు. మంచియేట అసలు తగ్గింపు, చెడ్డయేట చిన్నకిస్తు. కఱవుసీమ ఋణధర్మ మింతే.

మరమ్మతునకును ఒక క్రమము గలదు. మొదట కప్పు, పిదప గోడ, తరువాత మగ్గము గుంట, ఆపై మరుగుదొడ్డియు విద్యుత్తు తీగలును, కట్టకడపట ముందుభాగము. మేము దీనిని తలక్రిందులు చేసితిమి. పని మొదలుపెట్టకముందే ఇద్దఱు మేస్త్రులచేత అంచనా వేయించి, పైన నాలుగవవంతు చేర్చి చూచుకొనుడు. పాతమిద్దె విప్పినగాని దూలము లోపలి స్థితి యెవరికిని తెలియదు. సొమ్ము విడతలుగా తీసికొనుడు. తీసికొనని సొమ్మునకు వడ్డీ లేదు.

ఇన్ని చెప్పినను, బ్యాంకు గుమ్మమువద్ద మనవారిని ఆపునది వడ్డీ కాదు, కాగితము. పల్లెలలో గ్రామకంఠపు స్థలములకు ఇంటిపన్ను రసీదు తప్ప వేఱాధారము లేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వ మారంభించిన స్వామిత్వ పథకమువలన గ్రామములలోని ఇండ్లస్థలములను డ్రోనులతో కొలిచి హక్కుపత్రము లిచ్చుచున్నారు. మీ పల్లెలో కొలత జరుగునపుడు ఇంట నుండుడు. పేరు సరిగా వ్రాసిరో లేదో చూచుకొనుడు. పట్టణములలో తాత పేర దస్తావేజు, తండ్రి పేర పన్ను, కొడుకు పేర కరెంటు బిల్లు!

ఇచట సోదరీమణుల మాట చెప్పక తీఱదు. 1985 సెప్టెంబరు 5 నుండి మన రాష్ట్రమున, నాటికి వివాహము కాని కుమార్తెలకు సమష్టికుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానహక్కు వచ్చెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట కుమార్తెల కందఱకు నది వచ్చెను. ఆ దినమునకు తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చెను. కావున పంచుకొనని తాతగారి యింటిమీద ఋణమిచ్చునపుడు అక్కచెల్లెండ్ర సంతకము బ్యాంకువా రడుగుట న్యాయమే.

మా యింటిని గూర్చి మేము మా అక్కగారి నేండ్ల తరబడి అడుగలేదు. అడిగిన భాగము కోరునేమోయని భయపడితిమి. ఆ భయమే మమ్ము నోటువద్దకు నడిపించెను. మిద్దె కారి పడుగు పోయిన పిదప బళ్లారికి పోయి, తలవంచుకొని ఆమెతో సంగతి చెప్పితిమి. ఆమె “నాన్న కూర్చున్న గుంటలో నీళ్లు నిలిచినాయని నాకెందుకు చెప్పలేదురా?” అని మాత్రమే అడిగెను. మఱునాడే మాతో బయలుదేఱి వచ్చెను. హక్కు వదలుకొమ్మని మేము కోరలేదు. ఆమె పేరును యజమానులలో చేర్పించి, ఆమె సంతకముతోనే బ్యాంకులో ఋణము తీసికొని మగ్గముమీది మిద్దె బాగుచేయించితిమి. ఒక మాట ముందుగా అడిగియుండినచో నోటును, బంగారమును, పట్టుపడుగును మిగిలెడివి. చాల కుటుంబములలో ఇంతమాత్రపు మాట యాగిపోవుటచేతనే నూటికి ఇరువదినాలుగు వడ్డీ పెరుగుచున్నది.

ఇక సంఘమువారికి మా విన్నపము. 1775 ప్రాంతమున ఇంగ్లండునందలి బర్మింగుహాము పట్టణమున కెట్లీ యను సత్రపు యజమాని యింట కొందఱు చేతిపనివారు కూడి, నెలనెల చందా వేసికొని, వంతులవారీగా ఇండ్లు కట్టుకొనిరి. నేటి గృహనిర్మాణ సంఘములకు అది మొదలు. జర్మనీ పల్లెలలో రైఫైజెన్ అను గ్రామాధికారి ఇరుగుపొరుగువారి పూచీమీద పరపతిసంఘములను నిలిపెను. ఆ పద్ధతిని చూచివచ్చిన ఫ్రెడరిక్ నికల్సన్ దొర మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. 1904లో సహకార పరపతిసంఘముల చట్టము వచ్చెను. వీనియన్నిటి మూలము ఒక్కటే: దూరపు ధనికునికి తెలియని మన నిజాయితీ పొరుగువానికి తెలియును. కులసంఘమునకు ఇంతకంటె పెద్ద మూలధనమేమున్నది?

మన సంఘనిధిలో కల్యాణమండపమునకు పైయంతస్తు కట్టుటకై సొమ్ము కూడియున్నది. ఆ దాతల భక్తిని మేము తక్కువ చేయము. అయినను, క్రింద పలువురి మిద్దెలు కారుచుండగా పైయంతస్తు ఒకటి రెండేండ్లు ఆగినచో అమ్మవారు అలుగదని మా విశ్వాసము. మేము మా యింట చేసిన తప్పును సంఘము తన యింట చేయకుండుగాక. లోపలి మిద్దె విడిచి ముందటి వసారా కట్టిన తప్పు అదియే. ఆ సొమ్ములో మూడవవంతు “మిద్దె మరమ్మతు నిధి”గా వేఱుపఱుపవలెనని ప్రతిపాదించుచున్నాము.

ఈ నిధి వడ్డీవ్యాపారము చేయరాదు. మొదటిది, ఇంటిపత్రములు సరిచేసికొను ఖర్చులకు ముందుగా సాయము చేసి, తెలిసిన గుమాస్తా నొకనిని వారమున కొకదినము కూర్చుండబెట్టవలెను. రెండవది, మగ్గము నిలిచిన యేట రెండు మూడు కిస్తులు వడ్డీలేకుండ కట్టి, పని సాగినపుడు రాబట్టుకొనవలెను. ఇల్లు బ్యాంకుపాలుగాకుండ కాపాడుటకు తఱచుగా ఇంతే చాలును. మూడవది, కప్పు, గోడ, గుంట, మరుగుదొడ్డి, విద్యుత్తు తీగలు, వీనికి తప్ప మఱి దేనికిని సాయము చేయరాదు. అనుభవము వచ్చినపిదప 1995 నాటి పరస్పర సహాయక సహకారసంఘముల చట్టము క్రింద దీనిని వేఱు సంఘముగా నమోదు చేసికొనవచ్చును. లెక్కలు ఏటేట ఈ మహాసభయందే చదువవలెను; సభ్యుల పేర్లు మాత్రము చదువరాదు. అప్పుకంటె అప్పు బయటపడుట మనవారిని ఎక్కువ కుంగదీయును.

ఈ ప్రతిపాదన అందఱకు రుచింపదని ఎఱుగుదుము. మండపముపై దాత పేరు చెక్కుదురు. ఒకని వంటయింటి కప్పుమీద ఎవ్వరి పేరును చెక్కరు. అయినను వాననాటి రాత్రి పడుగు తడియక, పిల్లలు మేలుకొనక నిదురించిన యింట ఆ దాత పేరు తలపబడును.

పెద్దలు మా తప్పులు క్షమించి, మేలు అనిపించినంత గ్రహింతురుగాక. చౌడేశ్వరీమాత సకాలమున వానలను, ఆ వానకు నిలుచు మిద్దెలను మనకు ప్రసాదించుగాక. సెలవు.